ఆరు లీటర్లతో ఎన్నిసార్లు కడగాలి? పలుచన లెక్కలోని కిటుకు

పదహారు లీటర్ల స్ప్రేయర్‌తో ఇవాళ వరిలో కలుపు మందు కొట్టారు. రేపు అదే స్ప్రేయర్‌తో పత్తికి పురుగు మందు కొట్టాలి. కడగడానికి గట్టు మీద ఉన్నవి ఆరు లీటర్ల నీళ్లు. మొత్తం ఒకేసారి పోసి కుదిపి పారబోయాలా, రెండేసి లీటర్ల చొప్పున మూడుసార్లు కడగాలా? ఎలా చేసినా ఖర్చయ్యేది ఆ ఆరు లీటర్లే. ట్యాంకులో మిగిలిపోయే మందులో మాత్రం దాదాపు పది రెట్ల తేడా వస్తుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది కాలక్షేపం ప్రశ్న కాదు. పల్లంలో వరి, మెట్టలో మొక్కజొన్న, పత్తి, గోగు, ఇంటి దగ్గర నాలుగు మడుల వంగ, బెండ: చాలా కమతాల్లో ఇవన్నీ ఒక్క చేతి మీదే నడుస్తాయి, ఇంటికి స్ప్రేయర్ ఒకటే ఉంటుంది. వరికీ మొక్కజొన్నకూ ఏమీ చేయని కలుపు మందు వెడల్పాకు పైరు మీద చుక్కలుగా పడినా ఆకు రూపే మారిపోతుంది. తెగులనుకుని దానికి మరో మందు కొట్టడం తర్వాతి దశ.

క్లుప్తంగా

ఉన్న నీటిని సమాన భాగాలు చేసి విడివిడిగా కడిగితే ఒక్కసారి కడిగిన దానికంటే ఎన్నో రెట్లు శుభ్రం. కడిగే ముందు అడుగున మిగిలినదాన్ని పూర్తిగా ఒంపేస్తే లాభం ఇంకా ఎక్కువ. రొయ్యల చెరువులో ఉప్పదనం తగ్గించడానికీ, తాగునీటికి బ్లీచింగ్ కలపడానికీ, పెళ్లిలో కంచాలు కడగడానికీ పనికొచ్చే సూత్రం ఒకటే: కొత్త నీరు కలిసే క్షణానికి పాత నీరు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. గొట్టాలకు అంటుకునే మందుల దగ్గరా, కలవకుండా పొరలుగా నిలిచే నీళ్ల దగ్గరా ఈ లెక్క తప్పుతుంది.

పరీక్షలో వచ్చేదీ ఇదే

పోటీ పరీక్షలకు చదివేవారికి మిశ్రమాల లెక్క కొత్త కాదు. 40 లీటర్ల పాల క్యానులోంచి 4 లీటర్లు తీసి 4 లీటర్ల నీళ్లు పోశారు, ఇలా మూడుసార్లు చేశారు, చివరకు పాలెన్ని? ప్రతిసారీ ఉన్న పాలలో పదో వంతు పోతుంది, పదింట తొమ్మిది వంతులు మిగులుతాయి. 40ని 0.9తో మూడుసార్లు గుణిస్తే 29.16 లీటర్లు. తీసివేతలతో చేయబోయి 28 అని గుర్తుపెట్టేవారు ఇక్కడే మార్కు పోగొట్టుకుంటారు. రెండోసారి తీసిన 4 లీటర్లలో అప్పటికే నీళ్లున్నాయి కాబట్టి పోయిన పాలు 4 లీటర్లకంటే తక్కువ.

స్ప్రేయర్ కడగడం దీనికి అద్దంలో బొమ్మ. క్యానులో పాలు నిలబడాలి, ట్యాంకులో మందు పోవాలి. రెండు చోట్లా జరిగేది గుణకారమే.

ఆరు లీటర్ల లెక్క

ట్యాంకు ఖాళీ అయిందని మోటారు గాలి పీల్చే శబ్దం వచ్చాక కూడా అడుగున, పంపులో, గొట్టంలో కొంత ద్రావణం ఉండిపోతుంది. అది అర లీటరు అనుకుందాం. ఇందులో 6 లీటర్ల నీళ్లు పోస్తే మొత్తం ఆరున్నర లీటర్లవుతుంది. మందు చిక్కదనం ఆరున్నరలో అర వంతుకు, అంటే 1/13కి పడుతుంది. పారబోశాక మళ్లీ అర లీటరు మిగిలినా అది ఈ పలచటి అర లీటరు.

అవే నీళ్లను మూడు లీటర్ల చొప్పున రెండుసార్లు పోస్తే, ఒక్కో కడుగుకు చిక్కదనం మూడున్నరలో అర, అంటే ఏడో వంతు అవుతుంది. రెండు కడుగులకు 1/49. రెండు లీటర్ల చొప్పున మూడుసార్లయితే ఒక్కోసారి ఐదో వంతు, మొత్తం మీద 1/125. లీటరున్నర చొప్పున నాలుగుసార్లయితే 1/256. లీటరు చొప్పున ఆరుసార్లయితే 1/729.

దీన్ని మందులోకి మార్చి చూస్తే తేడా తెలుస్తుంది. వరిలో వాడే కలుపు మందు 2,4-డి సోడియం సాల్ట్ 80 శాతం పొడిని 200 లీటర్ల నీటికి 400 గ్రాముల లెక్కన కలిపారనుకుందాం. లీటరుకు 2 గ్రాముల పొడి, అందులో అసలు మందు 1600 మిల్లీగ్రాములు. అసలు కడగకుండా, అడుగున ఆ అర లీటరు ఉండగానే 16 లీటర్ల దాకా నింపి పత్తికి కొడితే లీటరుకు 50 మిల్లీగ్రాములు వెళ్తుంది. అంటే కలుపు చంపే మోతాదులో 32వ వంతు. 6 లీటర్లతో ఒక్కసారి కడిగి నింపితే సుమారు 3.8 మిల్లీగ్రాములు, మూడుసార్లు కడిగితే 0.4, ఆరుసార్లు కడిగితే 0.07. కలుపు మోతాదులో వందో వంతుకన్నా తక్కువకే పత్తి ఆకు మారిపోతుంది కనుక, కడగకుండా నింపడం పంటతో ఆడుకోవడమే.

చేలో ఇది ఎక్కడ కనబడుతుందన్నదీ లెక్కలోంచే తెలుస్తుంది. ఎకరాకు 200 లీటర్ల చొప్పున కొడితే ఒక ట్యాంకు దాదాపు 8 సెంట్లకు సరిపోతుంది. మొదటి ట్యాంకులో 50 మిల్లీగ్రాములుంటే, అది అయ్యాక మళ్లీ నింపిన రెండో ట్యాంకులో దానికి 32వ వంతు, అంటే ఒకటిన్నర మిల్లీగ్రాము చిల్లర మాత్రమే ఉంటుంది. ట్యాంకు నింపడం కూడా ఒక కడుగే మరి. అందుకని దెబ్బ ఎప్పుడూ పిచికారీ మొదలుపెట్టిన మూలన, మొదటి 8 సెంట్లలో ఎక్కువగా కనబడి, అక్కడి నుంచి ముందుకు పోయేకొద్దీ తగ్గుతుంది. పాత ఆకులు మామూలుగా ఉండి, ఆ తర్వాత పుట్టిన లేత ఆకులు మాత్రం సన్నగా చీలి, ఈనెలు దగ్గరకొచ్చి బెండాకు చీలికల్లా కనబడితే అనుమానించాల్సింది స్ప్రేయర్‌ను. రసం పీల్చే పురుగులో, తెగుళ్లో ఇలా కొలిచినట్టు ట్యాంకు హద్దు దగ్గర ఆగవు.

భాగాలు సమానంగా ఎందుకుండాలి

ఆరు లీటర్లను మూడు కడుగులు చేయాలని ఒప్పుకున్నా, చాలామంది ముందు రెండుసార్లు కాసిన్ని పోసి తొలిపి, మిగతాదంతా చివర్లో గుమ్మరిస్తారు. 1, 1, 4 లీటర్లుగా పోస్తే ఫలితం మూడో వంతులో మూడో వంతులో తొమ్మిదో వంతు, అంటే 1/81. రెండేసి లీటర్లయితే 1/125. ముందు ఎక్కువ పోసి తర్వాత తక్కువ పోసినా అదే 1/81, వరస మారినంత మాత్రాన గుణకారం మారదు.

దీని వెనక బడిలో చెప్పే చిన్న విషయమే ఉంది. మొత్తం 10 అయ్యే రెండు సంఖ్యల్లో 1, 9ల లబ్ధం 9, 4, 6ల లబ్ధం 24, 5, 5ల లబ్ధం 25. మొత్తం మారకుండా లబ్ధం పెద్దది కావాలంటే సంఖ్యలు సమానంగా ఉండాలి. కడుగుల సంఖ్య ఎంతైనా ఇదే వర్తిస్తుంది.

మరి ముక్కలు పెంచుతూ పోతే? అర లీటరు చొప్పున పన్నెండుసార్లు కడిగితే ఒక్కోసారి సగం, మొత్తం 1/4096. చుక్కచుక్కగా పోస్తూ చుక్కచుక్కగా తీసేస్తే 1/1,62,755 దగ్గర ఆగుతుంది, అంతకు మించి పోదు. ఈ హద్దు 2.718ని పన్నెండుసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య. పన్నెండు ఎందుకంటే కడిగే నీరు మిగులుకు పన్నెండు రెట్లుంది. 1683లో స్విట్జర్లాండ్ గణితవేత్త జాకబ్ బెర్నూలీ చక్రవడ్డీని ఏడాదికోసారి బదులు నెలకు, రోజుకు, క్షణానికి కడితే అసలు ఎంత పెరుగుతుందని చూసినప్పుడు తగిలిన హద్దే ఈ 2.718. అక్కడ పెరిగేది అప్పు, ఇక్కడ తరిగేది మందు.

కాగితం మీది లాభం చేతిలోకి పూర్తిగా రాదు. అర లీటరు నీరు 16 లీటర్ల ట్యాంకు పైకప్పును తడపదు, ఎంత కుదిపినా మూత కింది అంచుకు అందదు. పంపు నీటిని అందుకోవడానికీ కనీసం కొంత లోతుండాలి. గోడలన్నీ తడిసేంత నీరు పడుతూనే ఎన్ని భాగాలు కుదిరితే అన్ని చేయడం సబబు. చేతి స్ప్రేయర్‌కు అది మూడు, మహా అయితే నాలుగు.

అడుగున మిగిలేదే అసలు చిక్కు

కడుగుల సంఖ్య మీద ఇంత లెక్క వేసే ముందు చూడాల్సింది మరొకటుంది. స్ప్రేయర్‌ను తలకిందులు చేసి, లాన్స్‌ను (చివర నాజిల్ ఉండే కడ్డీని) కిందికి వేలాడదీసి, ట్రిగ్గర్ నొక్కిపట్టి కాసేపు ఉంచితే మిగులు అర లీటరు నుంచి పావు లీటరుకు తగ్గుతుందనుకోండి. ఇప్పుడు రెండేసి లీటర్లతో మూడు కడుగులు: ఒక్కోసారి రెండుంపావులో పావు, అంటే తొమ్మిదో వంతు. మూడుసార్లకు 1/729. ఇంతకుముందు ఆరుసార్లు కడిగితే వచ్చిన సంఖ్యే ఇది! పైగా ఇక్కడ మిగిలే ద్రావణమే సగం కాబట్టి మందు అందులోనూ సగం. ఒక్క చుక్క నీరు అదనంగా లేకుండా, రెండు నిమిషాల ఓపికతో వచ్చిన లాభమిది. కడుగుకూ కడుగుకూ మధ్య ఒంపడం కూడా అంతే ముఖ్యం. ట్యాంకును కొద్దిగా వంచి పారబోసి వెంటనే కొత్త నీళ్లు పట్టేవారు నాలుగోసారి కడిగినా మొదటి తప్పునే మళ్లీ చేస్తుంటారు.

తన స్ప్రేయర్‌లో ఎంత మిగులుతుందో కొలవడం కష్టం కాదు. నీళ్ల ప్లాంట్లలో, రొయ్యల చెరువుల దగ్గర నీటిలో కరిగిన లవణాలు కొలవడానికి వాడే టీడీఎస్ మీటర్ ఒకటి చాలు. ముందు మామూలు నీటి రీడింగ్ చూడాలి, 300 వచ్చిందనుకుందాం. 10 లీటర్ల నీటిలో 20 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగిస్తే రీడింగ్ దాదాపు 2000 పెరిగి 2300 దగ్గర ఉంటుంది. ఈ ఉప్పునీటిని మందు కొట్టినట్టే నాజిల్ నుంచి కొట్టేసి, రోజూ ఒంపినట్టే ఒంపి, సరిగ్గా 2 లీటర్ల మామూలు నీరు పోసి బాగా కుదిపి, గొట్టంలోంచి కొంత పంపి మళ్లీ ట్యాంకులోకే పట్టి, అప్పుడు కొలవాలి. 700 వస్తే అందులో నీటి సొంత 300 తీసేయగా 400. 2000లో 400 ఐదో వంతు. రెండు లీటర్లు కలిశాక ఐదో వంతు అయిందంటే ముందు మిగిలింది అర లీటరు. సొంత రీడింగ్ తీసేయడం మరిచిపోతే మిగులు ఉన్నదానికంటే ఎక్కువ కనబడుతుంది. ఉప్పు కొలతకు వాడిన స్ప్రేయర్‌ను తర్వాత మంచినీటితో కడగకపోతే ఇత్తడి నాజిళ్లు పాడవుతాయి.

లెక్కకు కనబడని చోట్లు

పై లెక్కంతా మందు పూర్తిగా నీటిలోనే ఉందనీ, నీరు మూలమూలకూ కలిసిందనీ నమ్ముకుని చేసినది. స్ప్రేయర్‌లో ఈ రెండూ సగం నిజాలే.

గొట్టం సంగతి చూద్దాం. 8 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంతో 50 మీటర్ల పవర్ స్ప్రేయర్ గొట్టం రెండున్నర లీటర్లు పట్టుకుంటుంది. ట్యాంకును మెరిసేలా కడిగి గొట్టాన్ని వదిలేస్తే రెండున్నర లీటర్ల చిక్కటి మందు రేపటికి సిద్ధంగా ఉన్నట్టే. అయితే గొట్టంలో నీళ్లు కలవవు, వెనకటి నీరు ముందటి మందును తోసుకుపోతుంది. కాబట్టి అక్కడ భాగాలు చేసే పని లేదు, గొట్టం పట్టేదానికి మరికొంత చేర్చి ఒక్కసారిగా నెట్టేస్తే చాలు. చేతి స్ప్రేయర్‌లో గొట్టం చిన్నదే. కానీ ట్రిగ్గర్ దగ్గరి జాలీ, నాజిల్ వెనక జల్లెడ, మూత కింద రబ్బరు వాషర్ విప్పి కడగకపోతే కరగని పొడి అక్కడే కూర్చుంటుంది.

అంటుకునే గుణం ఇంకా మొండిది. 2,4-డి సోడియం సాల్ట్ నీటిలో కరుగుతుంది, అందుకే కడుగులకు లొంగుతుంది. అదే 2,4-డిలో ఈస్టర్ రకం నూనె లాంటిది, నీటిలో కరగకుండా పాలలా తెల్లగా కలుస్తుంది, రబ్బరులోకీ ప్లాస్టిక్ గోడలోకీ ఇంకుతుంది. నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా బయటికొచ్చే నీరు తేటగానే ఉంటుంది. మర్నాడు నూనె ద్రావకంతో వచ్చే పురుగు మందు పోయగానే ఆ ద్రావకమే గోడలోని కలుపు మందును లాగి బయటికి తెస్తుంది. కడిగాం కదా, అయినా ఆకు ముడుచుకుందేమిటనే ప్రశ్నకు చాలాసార్లు ఇదే జవాబు. ఇలాంటప్పుడు సబ్బు పొడి నీళ్లతో కడిగి, ఆపై ఇళ్లలో వాడే అమ్మోనియా ద్రావణాన్ని లీటరుకు 10 మిల్లీలీటర్ల లెక్కన కలిపి, నాజిల్ దాకా పంపి, రాత్రంతా నానబెట్టి, పొద్దున రెండుసార్లు మంచినీటితో కడగడం పద్ధతి. అమ్మోనియాను బ్లీచింగ్ పౌడర్‌తో ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. నిజానికి కలుపు మందుకు వేరే స్ప్రేయర్ పెట్టుకుంటే ఈ తిప్పలన్నీ తప్పుతాయి, కొన్నేళ్ల మీద చూస్తే ఖర్చూ అదే తక్కువ.

కడిగిన నీటిని మందు కొట్టిన చేలోనే పలచగా కొట్టేయాలి. గెడ్డలో (వాగులో), కాలువ గట్టున పారబోస్తే అది కింది చేలకు పోతుంది.

ఖాళీ మందు డబ్బాకు మూడు కడుగుల నియమమూ ఇందులోంచి వచ్చిందే. లీటరు డబ్బాను అరనిమిషం వంచి ఉంచాక లోపల 10 మిల్లీలీటర్లు మిగిలిందనుకుందాం. పావు డబ్బా నీరు పోసి మూత బిగించి అరనిమిషం కుదిపి ట్యాంకులో ఒంపాలి. ఇలా మూడుసార్లు చేస్తే 26ను మూడుసార్లు గుణించినంత, అంటే 17,576వ వంతు మిగులుతుంది. అవే ముప్పావు లీటరు నీళ్లు ఒక్కసారి పోస్తే 76వ వంతు. ఈ నీరు మందు కలిపేటప్పుడే ట్యాంకులోకి పోవాలి, అప్పుడు డబ్బుపెట్టి కొన్న మందు కూడా వృథా కాదు. తర్వాత డబ్బాకు చిల్లు పెట్టాలి.

చెరువు దగ్గర లెక్క తిరగబడుతుంది

శ్రీకాకుళం తీరంలో నౌపడ ఉప్పు మళ్లు నీటిని ఎండబెట్టి చిక్కన చేస్తాయి. అదే తీరంలో రొయ్యల చెరువుల వారికి తరచూ కావాల్సింది దానికి ఎదురు పని, ఉప్పదనం తగ్గించడం. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఎండలకు ఆవిరై 30 దగ్గర నిలిచిన చెరువును 15కు తేవాలనుకుందాం. ఎకరం విస్తీర్ణం, మీటరున్నర లోతుంటే నీరు సుమారు 60 లక్షల లీటర్లు. పోసే నీటిలో ఉప్పు లేదనుకుంటే, సగం వదిలేసి సగం నింపడానికి 30 లక్షల లీటర్లు చాలు. ఒక పక్క పోస్తూ మరో పక్క పొర్లిస్తే దాదాపు 42 లక్షలు కావాలి, ఎందుకంటే పోసిన మంచినీటిలో కొంత కలిసీ కలవకముందే బయటికి పోతుంది.

రొయ్యలుండగా సగం చెరువు ఖాళీ చేయలేరు, ఉప్పదనం ఒక్కసారిగా మారితే పిల్ల తట్టుకోదు. రోజుకు ఐదో వంతు మార్చితే మూడు రోజులకు, 36 లక్షల లీటర్లతో 15.4కు వస్తుంది. అవే 36 లక్షలు రోజుకు పదో వంతుగా ఆరు రోజులు మార్చితే 15.9 దగ్గరే ఉంటుంది. స్ప్రేయర్‌లో ముక్కలు పెంచితే లాభం, చెరువులో ముక్కలు పెంచితే నష్టం. వైరుధ్యంలా కనబడినా వెనకున్నది ఒకటే. స్ప్రేయర్‌లో ప్రతిసారీ అర లీటరు దాకా ఒంపేయగలం, కాబట్టి ఒంపే అవకాశాలు పెరిగేకొద్దీ మంచిది. చెరువులో చిన్న మార్పు చేశామంటే కొత్త నీరు వచ్చేసరికి పాత నీరు బాగా మిగిలే ఉందని అర్థం.

కలవడం అనే షరతు చెరువులో ఇంకా గట్టిగా పట్టిచూడాలి. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. పైన పోసిన మంచినీరూ, వాననీరూ, నీటిని చిలికే ఏరేటర్లు తిరగకపోతే, పైపొరగా తేలి ఉంటాయి. అప్పుడు పైతూము తీస్తే బయటికి పోయేది మంచినీరే, అడుగున ఉప్పు అలాగే ఉంటుంది. అదే అడుగు తూము తీస్తే చిక్కటి నీరు పోతుంది, సూత్రం చెప్పినదానికంటే మంచి ఫలితం వస్తుంది. కలవకపోవడం మేలో కీడో తేల్చేది తూము ఎక్కడుందన్నదే. కొలిచేటప్పుడు పైనీరు ఒక్కటే ముంచి చూస్తే ఉప్పదనం తగ్గిందని మోసపోతారు, అడుగు నుంచీ నమూనా తీయాలి.

తుపాను పోటుకు ఉప్పునీరు ఎక్కిన వరి మళ్లలోనూ ఇలాంటిదే జరుగుతుంది. నీరు నిరంతరం నిలబెడితే అది మట్టిలోని పెద్ద సందుల గుండా దిగిపోతుంది, సన్న సందుల్లోని ఉప్పు కదలదు. నీరు పెట్టి, ఇంకనిచ్చి, కొంత విరామం ఇచ్చి మళ్లీ పెడితే ఆ విరామంలో ఉప్పు పెద్ద సందుల్లోకి వస్తుంది, తర్వాతి నీరు దాన్ని పట్టుకుపోతుంది. అదే నీటితో ఎక్కువ ఉప్పు దిగుతుంది.

పలచన చేయడమే పనైనప్పుడు

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వంటి తుపాన్ల తర్వాత తాగునీటికి బ్లీచింగ్ కలపడం ఊరూరా అవసరమవుతుంది. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో పనికొచ్చే క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల పొడి వేస్తే లీటరుకు 0.8 మిల్లీగ్రాముల క్లోరిన్ అవుతుంది. అదే 20 లీటర్ల క్యానుకు కావాల్సింది 50 మిల్లీగ్రాములు. ఇంట్లో ఏ తూకమూ దాన్ని తూచలేదు, చిటికె వేస్తే పదిరెట్లు పడొచ్చు.

దారి రెండు మెట్లలో ఉంది. 10 గ్రాముల పొడిని లీటరు నీటిలో కలిపి, సున్నం అడుగుకు చేరేదాకా ఉంచి, పై తేటను తీసుకోవాలి. అందులో లీటరుకు 3300 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంటుంది. సూదిలేని సిరంజితో 5 మిల్లీలీటర్లు తీసి 20 లీటర్లలో కలిపితే లీటరుకు 0.8 మిల్లీగ్రాములు. కలిపాక గంట ఆగాలి. మూత తీసి ఉంచిన పాత పౌడర్‌లో క్లోరిన్ తగ్గిపోతుంది కనుక ఈ లెక్క తాజా పౌడర్‌కే.

మెట్లు పెంచితే నీరు ఆదా అవుతుంది. ఒక మిల్లీలీటరు మందును పది లక్షల వంతుకు పలచన చేయాలంటే ఒక్క మెట్టులో వెయ్యి లీటర్ల నీరు కావాలి. వంద వంతుల చొప్పున మూడు మెట్లలో, ప్రతిసారీ ఒక మిల్లీలీటరే ముందుకు తీసుకెళ్తే 297 మిల్లీలీటర్లు చాలు. పది వంతుల చొప్పున ఆరు మెట్లలో 54. సగం సగం చేస్తూ ఇరవై మెట్లలో 20. కానీ ప్రతి మెట్టు దగ్గరా కొలతలో తప్పు చేరుతుంది. మెట్టుకు 5 శాతం చొప్పున ఒకే వైపు తప్పితే మూడు మెట్లకు దాదాపు 16 శాతం, ఇరవై మెట్లకు రెండున్నర రెట్లు దాటిపోతుంది. ప్రయోగశాలలు పది, వంద వంతుల దగ్గరే ఆగడానికి కారణమిదే.

పజిళ్లంటే ఇష్టపడేవారికి ఇందులోనే మరో ప్రశ్న. సగం సగం కలపడం తప్ప మరో కొలత లేకుండా 5/16 చిక్కదనం చేయగలరా? నాలుగు కలపడాల్లో అవుతుంది. మంచినీటికి అంతే చిక్కటి ద్రావణం కలిపితే 1/2. దానికి అంతే నీరు కలిపితే 1/4. దానికి అంతే చిక్కటిది కలిపితే 5/8. చివరగా అంతే నీరు కలిపితే 5/16. ఐదును 0, 1 అనే రెండే అంకెలుండే (బైనరీ) పద్ధతిలో 0101 అని రాసి కుడి నుంచి చదవడమే కిటుకు: ఒకటి వస్తే చిక్కటిది, సున్నా వస్తే నీరు. ఈ దారిలో కచ్చితంగా మూడో వంతు మాత్రం ఎప్పటికీ రాదు, ఎందుకంటే భాజకంలో రెండు తప్ప మరేదీ పుట్టదు.

వాడిన నీటికే మళ్లీ పని

ఇప్పటిదాకా కడిగిన నీటిని ప్రతిసారీ పారబోస్తూ వచ్చాం. కడగాల్సినవి వరసగా వస్తూ ఉంటే అంతకంటే మంచి పద్ధతి ఉంది. పెళ్లి భోజనాల దగ్గర స్టీలు కంచాలు కడిగే మూడు తొట్లను తీసుకుందాం. కంచాలు మొదటి తొట్టి నుంచి రెండో దానికీ, మూడో దానికీ పోతాయి. నీళ్లు ఎదురు రావాలి: కొత్త నీరు మూడో తొట్టిలోకి, అక్కడ వాడినది రెండో దానిలోకి, రెండోది మొదటిదానిలోకి, మొదటిది కాలువలోకి. ఎంగిలి ఎక్కువున్న కంచానికి మురికి నీరే చాలు, శుభ్రపడిన కంచానికే కొత్త నీరు తగలాలి.

కంచం తనతో పట్టుకెళ్లే తడికి నాలుగు రెట్ల కొత్త నీరు ఇస్తున్నారనుకుందాం. ఒకే తొట్టిలో కడిగితే మురికి 1/5కు తగ్గుతుంది. ఆ నాలుగు రెట్ల నీటినే మూడు భాగాలుగా పంచి మూడు తొట్లకూ వేరువేరుగా ఇస్తే 1/12.7. చుక్కచుక్కగా ఎన్ని ముక్కలు చేసినా 1/55 దగ్గర ఆగుతుంది. ఎదురు నీటి పద్ధతిలో మూడే తొట్లతో 1/85. ఎంత ముక్కలు చేసినా దాటలేని హద్దును ఇది దాటేస్తుంది, ఎందుకంటే ప్రతి చుక్క నీరూ మూడుసార్లు పనిచేసి, వీలైనంత మురికిని మోసుకుని బయటికి పోతుంది. కంచాలు ఆగకుండా వస్తూ, నీరూ ఆగకుండా కదులుతున్నప్పటి లెక్క ఇది. తొట్టి నీళ్లను గంటకోసారి మార్చేచోట సంఖ్యలు ఇంత బాగా రావు.

ఆచరణలో ఇది రెండు చోట్ల చెడుతుంది. నీళ్లు మార్చాల్సి వచ్చినప్పుడు మూడు తొట్లనూ ఒకేసారి బోర్లించి మూడింటినీ కొత్తగా నింపుతారు. ఒంపాల్సింది మొదటి తొట్టి ఒక్కదాన్నే. రెండో తొట్టిని మొదటి స్థానానికి, మూడోదాన్ని రెండో స్థానానికి జరిపి, ఖాళీ తొట్టిలో కొత్త నీరు నింపి చివర పెడితే మూడో వంతు నీటితో పనైపోతుంది. ఇక రెండోది, హడావిడిలో ఎంగిలి కంచాన్ని నేరుగా మూడో తొట్టిలో వేయడం. ఒక్క కంచం అలా పడిందంటే అప్పటిదాకా రెండు తొట్లు ఆపిన ఎంగిలి చివరి తొట్టికి చేరుతుంది, ఆ తర్వాత అందులోంచి తీసే ప్రతి కంచానికీ అంటుతుంది. ఆ పూటకు మూడో తొట్టిని మొదటి తొట్టిగా మార్చి, కొత్త తొట్టి పెట్టుకోవడమే దానికి మందు.